పాత స్పోర్ట్స్ కారును మన చేతులతోనే చూసుకోవడం: మొదటి తరం ఎంఎక్స్-5 ఆధారంగా పూర్తి మార్గదర్శి

పాత స్పోర్ట్స్ కారు కొన్న కొత్తలో చాలామంది చూపు ముందు సైలెన్సర్ మీదా, అల్లాయ్ చక్రాల మీదా పడుతుంది. ఆ ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు. ముందు హోస్ పైపులు, బ్రేక్ ఆయిల్, నాలుగు రబ్బరు రింగులు కొనండి. ముప్పై ఏళ్ల కారులో ఇనుము చాలావరకు గట్టిగానే ఉంటుంది. ఎండిపోయేది రబ్బరు, పాడైపోయేది ఆయిల్, లోపల్లోపల తినేసేది తుప్పు. మీటరులో 60,000 కిలోమీటర్లే ఉన్నాయని మురిసిపోవద్దు. ఏడాదిలో ఎక్కువ భాగం కవర్ కింద నిద్రపోయిన కారు రోజూ తిరిగిన కారు కన్నా ఎక్కువ పని పెడుతుంది.

ఉదాహరణకు మొదటి తరం మజ్డా ఎంఎక్స్-5 తీసుకుంటున్నాను. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనబడిన ఈ కారును అమెరికాలో మియాటా అనీ, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అనీ అమ్మారు. మొదట 1.6 లీటర్ల ఇంజిన్, 1994 మోడల్ నుంచి 1.8 లీటర్లది. లేచే హెడ్‌లైట్లున్న ఈ తరం 1997తో ముగిసింది. సొంతంగా పని నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన కారు దొరకడం కష్టం. బానెట్ కింద చెయ్యి పడుతుంది, సామాన్లు ఇంకా వస్తున్నాయి, కంప్యూటర్ తలకాయనొప్పులు తక్కువ. మీది వేరే కారైతే పని వరస ఇదే, అంకెలు మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ నుంచి తీసుకోండి. అన్నిటికన్నా ముందు కొనాల్సింది ఆ మాన్యువలే.

సామాన్లు, కారు పైకెత్తడం

పెద్ద టూల్ కిట్ అక్కర్లేదు. 10, 12, 14, 17 సైజుల సాకెట్లు, చక్రాల నట్లకు 21, గేర్ బాక్స్ ప్లగ్గులకు 24, ఒక 4 మిల్లీమీటర్ల అలెన్ కీ. సాకెట్లు ఆరు మూలలవే తీసుకోండి. పన్నెండు మూలల సాకెట్ తుప్పు పట్టిన బోల్టు తలను గుండ్రంగా చేసేస్తుంది, ఆ తర్వాత పడే పాట్లు చెప్పనలవి కాదు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ తప్పనిసరి. చేతి అంచనాతో బిగించేవాళ్లలో ఎక్కువమంది అతిగా బిగిస్తారు. అల్యూమినియం హెడ్‌లో స్పార్క్ ప్లగ్ మర పోతే ఆదా చేసిందంతా ఒక్క దెబ్బకు పోతుంది.

జాకీ కారును ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఎంఎక్స్-5ను ముందువైపు ఇంజిన్ కింది అడ్డ సబ్‌ఫ్రేమ్ దగ్గర, వెనకవైపు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) కింద ఎత్తి, పక్కనున్న జాకింగ్ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టాలి. స్టాండ్ల మీద నిలిచాక కారును గట్టిగా పట్టుకుని ఊపండి. కదిలితే దించి మళ్లీ మొదలుపెట్టండి. ఆ పరీక్ష అయ్యేదాకా కారు కింద తల పెట్టొద్దు. ఇటుకల మీద కారు నిలబెట్టే సాహసం అసలే వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది.

ఏదీ విప్పకముందు చూడాల్సినవి

కారు రాత్రంతా నిలిచాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఒక టార్చ్, ఒక కాగితం పట్టుకుని చుట్టూ తిరగండి. కింద అట్టముక్క పరచి ఉంచితే ఏది ఎక్కడ కారుతోందో అదే చెబుతుంది. గోధుమ, నలుపు రంగైతే ఇంజిన్ ఆయిల్. పచ్చగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. పలచగా, లేత పసుపుగా ఉండి చక్రం లోపలివైపు కనబడితే బ్రేక్ ఆయిల్, అప్పుడు కారు కదపొద్దు. గేర్ బాక్స్ ఆయిల్‌ను గంధకం ఘాటుతో ముక్కే పట్టేస్తుంది.

టైర్ల అరుగుదలతో పాటు తేదీ కూడా చూడండి. టైరు పక్క గోడ మీద డాట్ అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది. 2314 అంటే 2014లో 23వ వారం. ట్రెడ్ నిండుగా ఉన్నా ఆ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. తేలిక బరువు, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న కారు తడి రోడ్డు మీద ఎటు తిరుగుతుందో ఆ రబ్బరే తేలుస్తుంది. ఇంజిన్ పనికి పెట్టే డబ్బులో మొదటి వాటా టైర్లకే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

కనబడినవన్నీ రాసుకుని మూడు రకాలుగా విడదీయండి: కారు ఆగడానికి సంబంధించినవి, ఇంజిన్‌ను కాపాడేవి, మిగతావి. పని ఈ వరసలోనే జరగాలి. ఒకేసారి నాలుగు చోట్ల విప్పి పెట్టినవాళ్ల కార్లే నెలల తరబడి స్టాండ్ల మీద ఉండిపోతాయి.

బ్రేకులు

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఇవే అంకెలు 205, 140. ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే బ్రేక్ వేస్తే ఆ పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. ఎంఎక్స్-5కి డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, తుడిచి ఊరుకుంటే రంగు లేచిపోతుంది.

ఆయిల్ మార్చడానికి ఇద్దరు కావాలి, ఇద్దరి మధ్యా మాట సరిగ్గా కుదరాలి. చక్రం దగ్గరున్నవారు "తొక్కు" అంటారు. సీట్లో ఉన్నవారు పెడల్ తొక్కి పట్టి "తొక్కాను" అని చెప్పాలి. అప్పుడు చక్రం దగ్గర ఆయిల్ వదిలే చిన్న మర నిపుల్‌ను పావు వంతు తిప్పితే దానికి తగిలించిన పారదర్శకమైన గొట్టంలోంచి పాత ఆయిల్ బుడగలతో వస్తుంది. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. ముందే వదిలితే గాలి వెనక్కి లాగేస్తుంది, కథ మొదటికొస్తుంది. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ నొక్కుడును ఆయిల్‌కు అందించే భాగం) అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. నాలుగైదు తొక్కుళ్లకోసారి పైన డబ్బాలో మట్టం చూస్తుండాలి.

పాత కార్లలో ఇంకో జాగ్రత్త ఉంది. పెడల్‌ను నేల దాకా తొక్కించొద్దు. మాస్టర్ సిలిండర్‌లో రోజూ సీల్ తిరిగే భాగం నున్నగా ఉంటుంది, ఎన్నడూ వెళ్లని లోపలి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. సీల్ అక్కడిదాకా వెళితే చిరుగుతుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెడితే ఆ గొడవ ఉండదు.

ఇక వెనక ప్యాడ్లు. ఈ కారు మీద చేయి వేసేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. ముందు కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిస్టన్‌ను సీ క్లాంప్‌తో లోపలికి నొక్కినట్టే వెనకదాన్నీ నొక్కుతారు. వెనక పిస్టన్ లోపల హ్యాండ్ బ్రేక్ కోసం మర యంత్రాంగం ఉంటుంది, బలవంతంగా నొక్కితే అది విరుగుతుంది. సరైన వరస ఇది:

1. ముందు చక్రాలకు అడ్డు పెట్టి హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించండి. వెనకభాగం స్టాండ్ల మీద పెట్టి చక్రం విప్పండి.

2. కాలిపర్ వెనకవైపు 14 సైజు తల ఉన్న చిన్న మూత బోల్టు ఉంటుంది. అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే గాడి కనబడుతుంది. అక్కడ మట్టి గట్టిపడి ఉంటుంది, సూదిలాంటి దానితో గీకి శుభ్రం చేశాకే కీ పెట్టండి. సగం లోతులో కూర్చున్న కీ గాడిని చెరిపేస్తుంది.

3. కీని అపసవ్య దిశలో తిప్పితే పిస్టన్ లోపలికి పోతుంది. తర్వాత కాలిపర్ బోల్టు విప్పి పైకి మడిచి పాత ప్యాడ్లు తీయండి. కాలిపర్‌ను హోస్ మీద వేలాడనివ్వొద్దు.

4. కాలిపర్ జారే పిన్నులు బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా పూయండి. ఒకవైపు ప్యాడే అరిగి రెండోది కొత్తగా ఉందంటే ఈ పిన్ను పట్టేసిందన్నమాట. ఊరికే ప్యాడ్లు మార్చి పిన్ను వదిలేస్తే కొత్తవీ అలాగే అరుగుతాయి.

5. కొత్త ప్యాడ్లు పెట్టి, కాలిపర్ బిగించి, అలెన్ కీని ఇప్పుడు సవ్య దిశలో తిప్పండి. డిస్క్ చేత్తో తిరగనంత బిగిశాక మూడో వంతు చుట్టు వెనక్కి వదలండి. డిస్క్ తేలిగ్గా తిరగాలి.

6. మూత బోల్టు పెట్టి, కారు దించి, కదిపేముందు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కండి. చాలాసార్లు "హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదు, కేబుల్ పోయింది" అనే ఫిర్యాదు ఈ సర్దుబాటుతోనే తీరిపోతుంది.

బ్రేక్ దుమ్మును నోటితోగానీ, గాలి పంపుతోగానీ ఊదొద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిగానే తుడవండి.

ఇంజిన్ చల్లగా ఉండాలంటే

ఈ రేడియేటర్ పై తొట్టి ప్లాస్టిక్. కొత్తలో నల్లగా ఉంటుంది, వేడికి ఏళ్ల తరబడి మాగి గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులోకి మారుతుంది. ఆ రంగు కనబడితే ఇంకా కారడం లేదు కదా అని ఆగొద్దు. పగిలే రోజు అంచు పొడవునా పగులుతుంది, అది సాధారణంగా ట్రాఫిక్‌లోనే జరుగుతుంది. రేడియేటర్ మార్చేటప్పుడే పై హోస్, కింది హోస్, ఇంజిన్ వెనక నుంచి హీటర్‌కు పోయే రెండు గొట్టాలు, థర్మోస్టాట్, మూత అన్నీ ఒకేసారి మార్చేయండి. ఒక్కొక్కటీ పోయినప్పుడు చూద్దామనుకుంటే ప్రతిసారీ కూలెంట్ కొత్తగా పోయాలి.

మొత్తం 6 లీటర్లు పడుతుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. నింపేటప్పుడు కారు ముందుభాగం కాస్త ఎత్తులో ఉంచి, హీటర్‌ను పూర్తి వేడి వైపు తిప్పి, మూత తీసి ఇంజిన్ నడపండి. బుడగలు వస్తూనే ఉంటాయి, పోస్తూనే ఉండాలి. లోపల గాలి మిగిలితే ఉష్ణోగ్రత ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది, హీటర్ నుంచి చల్లగాలి వస్తుంది. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకూడదని అందరికీ తెలుసు, అయినా చేతులు కాల్చుకునేవాళ్లు కాల్చుకుంటూనే ఉన్నారు.

ఆయిళ్లు

ఇంజిన్ ఆయిల్ సులువు. ఫిల్టర్‌తో కలిపి 1.6 ఇంజిన్‌కు 3.6 లీటర్లు. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేసి 30 నుంచి 41 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి. ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఇరుకులో ఉంటుంది, విప్పగానే ఆయిల్ మోచేతి దాకా కారుతుంది. కింద గుడ్డ పెట్టుకుని సర్దుకుపోవడమే. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల మీద ఉంటుంది.

చల్లగా ఉన్నప్పుడు పైనుంచి టక టక చప్పుడు వస్తే కంగారు వద్దు. ఈ ఇంజిన్‌లో వాల్వుల మీద హైడ్రాలిక్ లిఫ్టర్లుంటాయి, పాత ఆయిల్ మడ్డి వాటి సన్నటి దారుల్ని మూస్తుంది. వరసగా రెండుసార్లు తక్కువ వ్యవధిలో ఆయిల్ మారిస్తే చాలా కార్లలో అది తగ్గుతుంది. దాని కోసం హెడ్ విప్పాలని ఎవరైనా అంటే తొందరపడొద్దు.

గేర్ బాక్స్‌కు 75డబ్ల్యూ-90 ఆయిల్ 2 లీటర్లు. డిఫరెన్షియల్‌కు 1.6 కారులో 0.65 లీటరు, 1.8లో 1 లీటరు. ఇక్కడ ఒకే నియమం: పోసే ప్లగ్ విప్పగలిగాకే కారే ప్లగ్ విప్పండి. ఆయిలంతా తీసేశాక పోసే ప్లగ్ కదలకపోతే కారు అక్కడే ఉండిపోతుంది.

వెనక నుంచి కారే ఆయిల్

ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే చోట ఆయిల్ చుక్కలు కనబడగానే "వెనక సీల్ పోయింది, గేర్ బాక్స్ దించాలి" అనే మాట వినబడుతుంది. ఆ పెద్ద పనికి ఒప్పుకునేముందు హెడ్ వెనక కొసను అద్దం పెట్టి చూడండి. క్యామ్ షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్‌కు చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ అక్కడే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న చిన్న ఓ రింగు వేడికి గాజులా గట్టిపడి ఆయిల్ వదులుతుంది. ఆ ఆయిల్ ఇంజిన్ వెనక గోడ మీదుగా జారి సరిగ్గా వెనక సీల్ కారినట్టే కింద చేరుతుంది, దారిలో హీటర్ గొట్టాల్ని కూడా మెత్తబరుస్తుంది. డీగ్రీజర్‌తో వెనకంతా కడిగి, రెండు రోజులు తిప్పి, పైనుంచి తడి మొదలైందో కిందనుంచి మొదలైందో చూస్తే తేలిపోతుంది.

సెన్సర్‌ను పట్టి ఉంచేది ఒకే ఒక 12 సైజు బోల్టు, కాకపోతే అది కళ్లకు కనబడని చోట ఉంటుంది. విప్పేముందు సెన్సర్‌కూ హెడ్‌కూ కలిపి సన్నటి మొనతో ఒక గీత గీయండి, ఎందుకంటే దాన్ని తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం, మారుతుంది. మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ బయటికి లాగండి. పాత రింగును చిన్న మొనతో తీయబోతే ముక్కలుగా విరిగి వస్తుంది, ఒక్క ముక్కా లోపల పడనివ్వొద్దు. కొత్తదానికి ఆయిల్ రాసి ఎక్కించండి. కొస నాలుక మధ్యలో కాకుండా పక్కకు ఉంటుంది కాబట్టి ఒకే తీరులో కూర్చుంటుంది, కూర్చోకపోతే సగం చుట్టు తిప్పి చూడండి. గీతలు కలిపి బోల్టు బిగించండి.

తర్వాత టైమింగ్ లైట్‌తో సరిచూసుకోవాలి. వేడెక్కిన ఇంజిన్, నిమిషానికి 850 చుట్ల దగ్గర ఐడిల్, డయాగ్నసిస్ డబ్బాలో టెన్, గ్రౌండ్ అనే రెండు టెర్మినళ్లను తీగతో కలిపి ఉంచితే గుర్తు 10 డిగ్రీల దగ్గర కనబడాలి. తీగ కలపకుండా చూస్తే కంప్యూటర్ తానే టైమింగ్ మార్చుకుంటూ ఉంటుంది, ఆ రీడింగ్‌ను నమ్మడానికి లేదు.

కుదుపులు, క్లచ్

ఎక్కేటప్పుడు ఇంజిన్ కుదిపితే ముందు ప్లగ్ వైర్లు అనుమానించండి, కాయిల్ కాదు. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడుస్తుండగా వైర్ల మీద నీళ్లు సన్నగా తుంపర కొడితే, పాడైన చోట నీలి మెరుపు కనబడుతుంది. ఆ సమయంలో వైర్లను తాకొద్దు. రెండు కాయిళ్లలో ఒకటి 1, 4 సిలిండర్లకు, రెండోది 2, 3కు. కాబట్టి ఒక జంట మొత్తంగా చచ్చిపోతే అప్పుడు కాయిల్ సంగతి ఆలోచించాలి. ప్లగ్గులు 1.1 మిల్లీమీటర్ల గ్యాప్‌తో, చల్లటి ఇంజిన్‌లో, మొదట చేత్తోనే తిప్పి, చివర 15 నుంచి 23 న్యూటన్ మీటర్లకు బిగించండి.

క్లచ్ తొక్కినా గేరు గీరుతోందా, ఉదయం పెడల్ నేలకు అంటుకుందా? క్లచ్ ప్లేటు అనుకునేముందు గేర్ బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (పెడల్ నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను కదిలించేది) రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే దొంగ దొరికినట్టే. మాస్టర్, స్లేవ్ రెండూ కలిపి మార్చండి, ఒకటి కొత్తదైతే పెరిగిన ఒత్తిడికి రెండోది త్వరలోనే కారడం మొదలుపెడుతుంది.

నీళ్లు వెళ్లే దారులు

మడత టాప్ మీద పడ్డ వాన సీట్ల వెనక రెండు మూలలా కాలువల్లోకి దిగి, వెనక చక్రాల ముందు కింద నుంచి బయటికి పోవాలి. ఆకులు, మట్టి ఆ దారుల్ని మూస్తే నీళ్లు తలుపు కింది సిల్‌లో నిలుస్తాయి, తుప్పు లోపల మొదలై బయటికి పొక్కుతుంది. బయట ఒక పొక్కు కనబడిందంటే లోపల చాలావరకు తినేసిందనే లెక్క. మెత్తటి ప్లాస్టిక్ తీగ పైనుంచి మెల్లగా దూర్చి, ఒక గ్లాసు నీళ్లు పోసి, కింద వెంటనే కారుతున్నాయో లేదో చూడండి. ఇంజిన్ పోతే మరోటి వేయొచ్చు, సిల్ పోతే కారే పోతుంది. అందుకే ఈ ఐదు నిమిషాల పనిని నేను ఆయిల్ మార్పు కన్నా పైన పెడతాను.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దాని ఆవిరి బయటికి పోవడానికి సన్నటి గొట్టం ఉండాలి. గొట్టం లేని మామూలు బ్యాటరీ పెట్టేసి ఉంటే దాని కింది రేకు పొడిపొడిగా రాలుతుంటుంది.

టైమింగ్ బెల్ట్, ఎక్కడ ఆగాలి

బెల్ట్ 96,000 కిలోమీటర్లకు మార్చాలన్నది తయారీదారు లెక్క. ఎప్పుడు మార్చారో ఆధారం లేకపోతే మార్చలేదనే అనుకోండి. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, అదొక ఊరట. ఇదే పని వేరే స్పోర్ట్స్ కారులో ఇంజిన్‌ను పోగొట్టగలదు, మాన్యువల్ చూడకుండా దిగొద్దు.

1991 మొదటి నెలల దాకా వచ్చిన 1.6 ఇంజిన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస పొట్టిది. క్రాంక్ పుల్లీ ముందున్న గాడులు లెక్కపెట్టండి: నాలుగుంటే పొట్టిది, ఎనిమిదుంటే తర్వాతి మెరుగుపరచిన రకం. పొట్టిదాంట్లో బోల్టు వదులైతే కీ అనే చిన్న ఇనుప ముక్క, దాని గాడి అరిగిపోయి టైమింగ్ చెదురుతుంది. ఇంజిన్ నడుస్తుండగా పుల్లీ ఊగుతూ తిరుగుతుంటే అదే గుర్తు. ఇలాంటి కారులో క్రాంక్ బోల్టును అనుభవం ఉన్నవారు పక్కనుంటేనే ముట్టుకోండి. స్టీరింగ్ జాయింట్ల మార్పు, వెల్డింగ్, పెట్రోల్ ట్యాంకు పనులు కూడా బయట ఇవ్వడంలో చిన్నతనమేమీ లేదు.

పని ముగిశాక మొదటి ప్రయాణం వాహనాలు లేని చోట, తక్కువ వేగంతో. ముందు బ్రేకులు రెండుమూడుసార్లు పట్టి చూసి, తర్వాతే వేగం పెంచండి. తిరిగొచ్చాక చక్రాలను చేత్తో తాకకుండా దగ్గరగా అరచెయ్యి ఉంచితే, ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే ఆ బ్రేక్ వదలడం లేదని తెలుస్తుంది. కింద అట్టముక్క మళ్లీ పరచండి. చక్రాల నట్లను 90 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య ఇంకోసారి బిగించి చూడండి. ఏ రోజు ఏం మార్చారో, మీటరు ఎంత చూపిందో పుస్తకంలో రాసి కారులోనే పెట్టండి.